పారిజాతం కొమ్మకు వేరు పట్టే కాలం: వరంగల్ ఎండావానల లెక్క

వరంగల్, హనుమకొండ పాత ఇళ్ల వాకిళ్లలో, గుడి ప్రాంగణాల్లో పారిజాతం అపురూపమైన చెట్టేమీ కాదు. శ్రావణం నుంచి కార్తీకం దాకా తెల్లవారేసరికి చెట్టు కింద నేల కనిపించకుండా పూలు రాలి ఉంటాయి. కింద పడ్డ పువ్వు దేవుడికి పనికిరాదన్న నియమం కూడా ఈ పువ్వు దగ్గర సడలుతుంది. అయినా ఎవరికైనా ఒక మొక్క కావాలంటే సాధారణంగా రెండే దారులు. చెట్టు కింద విత్తనం పడి మొలిచిన పిల్లమొక్కను పెకలించుకుపోవాలి, లేదా కడియం నుంచి లారీలో వచ్చిన మొక్కను నర్సరీలో కొనుక్కోవాలి. కొమ్మ విరిచి పాతి చూసినవాళ్లూ చాలామందే ఉన్నారు. పది పదిహేను రోజుల్లో చిగురు వస్తుంది, ఇల్లంతా సంబరపడుతుంది, నెల తిరక్కుండానే అది ఎండుపుల్ల అవుతుంది. దాంతో ‘పారిజాతం కొమ్మతో రాదు’ అని తేల్చేస్తారు.

ఆ మాట నిజం కాదు. కొమ్మతో వస్తుంది. కాకపోతే ఉత్తర తెలంగాణలో అది ఎప్పుడు వస్తుందో, ఏ కొమ్మతో వస్తుందో చెప్పే లెక్క వేరే. మామూలుగా దొరికే తోటపని సలహాలు ఈ లెక్కకు సరిపోవు.

పారిజాతం మల్లె, జాజి కుటుంబానికి చెందిన పెద్ద పొద. వదిలేస్తే చిన్న చెట్టంత అవుతుంది. హిమాలయాల పాదాల నుంచి మధ్యభారతం మీదుగా దక్కన్ దాకా ఆకురాల్చే అడవుల్లో, రాళ్ల గుట్టల వాలుల్లో సహజంగా పెరిగే జాతి ఇది. లేత కొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకు గరుకు కాగితంలా చేతికి గీసుకుంటుంది. ఆకులు ఎదురెదురుగా పుడతాయి కాబట్టి ప్రతి గణుపు దగ్గరా రెండు కళ్లుంటాయి. కటింగులు, అంటే పాతడానికి కోసే కొమ్మ ముక్కలు తీసేవాళ్లకు ఇది కలిసొచ్చే విషయం, ఒక కన్ను దెబ్బతిన్నా రెండోది మిగులుతుంది. పువ్వు కాడలోని నారింజ రంగు కుంకుమపువ్వుకు రంగునిచ్చే పదార్థమే. దీనికీ వేరు పట్టడానికీ సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేని సంగతి. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి నీళ్లు పెట్టని చెట్టు ఆకంతా దులిపేసుకుని, చదునైన ఎండుకాయలతో మోడులా నిలబడుతుంది.

ఆ మోడు దశే సగం గందరగోళానికి మూలం.

చలికి రాలే ఆకు, ఎండకు రాలే ఆకు

ఆకురాల్చే పొదల కొమ్మలను ఆకు లేని సమయంలో, అంటే చలికాలంలో తీసి పాతాలని తోటపని పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో అది అక్షరాలా నిజం. అక్కడి పొద చలికి భయపడి ఆకు రాలుస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి నేల తడిగానే ఉంటుంది, గాలి చల్లగా తేమగా ఉంటుంది. పాతిన పుల్ల తొందరపడకుండా, అడుగున గాయం మాన్పుకుంటూ కూర్చుంటుంది. వసంతం కూడా మెల్లగా, తడితోనే వస్తుంది.

ఇక్కడి పొద ఆకు రాల్చేది చలికి కాదు, నీళ్లు అయిపోతున్నాయని. తెలంగాణలో ఏడాది వానలో దాదాపు 80 శాతం జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలోనే పడిపోతుంది. అక్టోబర్ తర్వాత నేలలో మిగిలిన తడిని చెట్టు పొదుపుగా తాగుతూ వచ్చి, ఇక చాలదనుకున్నప్పుడు ఆకులు వదిలేస్తుంది. దాని వెనక వచ్చేది మెత్తని వసంతం కాదు, రోళ్లు పగిలే రోహిణి కార్తె. కొమ్మకు వేరు పట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. మార్చి మొదట్లో పాతిన పుల్లకు వేరు మొదలయ్యే సమయానికి మే నెల వాకిట్లో ఉంటుంది. వరంగల్‌లో 42 డిగ్రీలు, రామగుండం వైపు 45 డిగ్రీలు కూడా మామూలే.

వేడి ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. అసలు శత్రువు గాలి పొడితనం. 42 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు, ఆకులోంచి నీటిని లాగేసే శక్తి ఎంత ఉంటుందో లెక్క కట్టి, దాన్ని వానాకాలపు 28 డిగ్రీలు, 85 శాతం తేమతో పోల్చి చూస్తే తేడా పదకొండు రెట్లు తేలుతుంది. వేర్లున్న చెట్టు లాగినంత నీరు కింది నుంచి తెచ్చుకుంటుంది, లేకపోతే ఆకు రాల్చేస్తుంది. కోసిన పుల్లకు తెచ్చుకోవడానికి వేర్లే లేవు. పూటకోసారి పోసే నీళ్లు మట్టిని తడుపుతాయి తప్ప పుల్ల చుట్టూ ఉన్న గాలిని మార్చవు. రోజూ నీళ్లు పోశాం, అయినా ఎండిపోయిందన్న ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే.

అలాగని పాత సలహాలో సారం లేదని కాదు. ఆకు రాలిన కొమ్మలో ఏడాదంతా కూడబెట్టిన పిండిపదార్థం నిండుగా ఉంటుంది. వేరు పుట్టేదాకా పుల్ల బతకాల్సింది ఆ నిల్వ మీదే. వానలు పడ్డాక అదే నిల్వను చెట్టు చిగుళ్లకు, ఆకులకు ఖర్చు పెట్టేస్తుంది. ఆగస్టు వచ్చిందంటే కొమ్మ చివర్లన్నీ పూమొగ్గల మీద పడతాయి, అప్పుడు తీసిన కొమ్మ వేరు మాట మరిచి పూయాలని చూస్తుంది. చిక్కంతా ఇక్కడుంది. కట్టె బాగున్న నెలలో గాలి బాగుండదు, గాలి బాగున్న నెలలో కట్టె వేరే పనిలో ఉంటుంది.

పల్లెల్లో దీనికి ఎదురు ఉదాహరణ వెంటనే చెబుతారు. ఎండాకాలం చివర కంచెకు పాతిన గుంపెన గుంజ చిగురించి చెట్టవుతుంది, మునగ కొమ్మ ఎక్కడ పాతినా వస్తుంది, మరి పారిజాతం ఎందుకు రాదని. గుంపెన, మునగ మెత్తని, నీరు పట్టిన కట్టెలు. చేతి మణికట్టంత లావు కొమ్మ పాతితే దాని లోపలి నీరే నెలన్నర దాకా ఆదుకుంటుంది. పారిజాతం కట్టె గట్టిది. అంత లావు ముదురు కొమ్మ పాతితే నీటి నిల్వ ఉండదు, వేరు పుట్టించే చురుకూ ఉండదు.

పుల్లలో జరిగేది

కొమ్మకు అసలు వేరెలా పుడుతుందో కొంచెం తెలిస్తే తర్వాత చేసే ప్రతి పనికీ కారణం అర్థమవుతుంది. కొమ్మ చివరి మొగ్గలో, లేత ఆకుల్లో ఆక్సిన్ అనే హార్మోన్ తయారవుతుంది. అది ఎప్పుడూ పైనుంచి కిందికే ప్రయాణిస్తుంది. కొమ్మను కోసేసరికి దాని దారి అక్కడితో ఆగి, కోసిన చోట పోగవుతుంది. బెరడుకీ కట్టెకీ మధ్య ఉండే పల్చని సజీవ పొర దగ్గర కొన్ని కణాలు ఆ సంకేతం అందుకుని, కొమ్మగా ఉండటం మానేసి వేరు మొలకలుగా మారతాయి. ముందు గాయం మీద తెల్లటి కాయలాంటి పెరుగుదల వస్తుంది, దాన్ని కాలస్ అంటారు. కాలస్ వచ్చినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదు. ఆ పని ఇంకా ముందుంది.

హార్మోన్ పైనుంచి కిందికే నడుస్తుంది కాబట్టి తలకిందులుగా పాతిన పుల్లకు ఆశ లేదు. నర్సరీల్లో కింది కోత ఏటవాలుగా, పై కోత అడ్డంగా కోసేది ముఖ్యంగా ఏ కొన ఏదో గుర్తుండటానికే. ఆకు లేని వంద పుల్లల కట్టలో ఈ గుర్తు లేకపోతే తికమక ఖాయం.

ఇక ఆ మోసపు చిగురు సంగతి. పై కంట్లోని మొగ్గ విచ్చుకోవడానికి వేరు అక్కర్లేదు, పుల్లలో ఉన్న పిండి, నీరు చాలు. వేడి ఎక్కువగా ఉంటే మొగ్గ వేరు కంటే ముందు పరిగెడుతుంది. ఆ చిగురు ఆకై, నీరు ఆవిరి చేయడం మొదలుపెట్టాక కింద వేరు లేకపోతే నిల్వ మొత్తం ఖాళీ చేసి పుల్లను తనతోపాటు తీసుకుపోతుంది. అందువల్ల మొదటి మూడు వారాల్లో వచ్చే చిగురు శుభవార్త కాదు, టెన్షన్ పడాల్సిన విషయం. నీడ పెంచి, గాలిలో తేమ పెంచి దాని పరుగును ఆపాలి. పుల్లను పైకి లాగి వేరొచ్చిందా అని చూడటం మరీ చెడ్డ అలవాటు. అప్పుడే పుట్టిన తెల్లవేరు గాజులా పుటుక్కున విరుగుతుంది.

తల్లిచెట్టును ముందే కొట్టడం

కట్టెకూ గాలికీ కుదరని పొత్తును కుదిర్చే ఉపాయం ఒకటుంది, పండ్లతోటల వాళ్లకు కొత్త కాదు. కటింగ్ తీయాల్సింది వానల్లోనే. కానీ ఆ కటింగ్ కోసం తల్లిచెట్టును నాలుగు నెలల ముందే సిద్ధం చేయాలి.

ఫాల్గుణంలో, చెట్టు ఆకు లేకుండా ఉన్నప్పుడు కొన్ని కొమ్మలను మోకాలెత్తున కొట్టేయాలి. పారిజాతం నరుకుడును బాగా తట్టుకుంటుంది. కొమ్మల్లో, వేళ్లలో దాచుకున్న బలమంతా ఆ మోళ్ల దగ్గరికి వచ్చి ఏప్రిల్, మే నెలల్లో నిటారుగా, బలమైన కొత్త రెమ్మలు వస్తాయి. ఈ సమయంలో తల్లిచెట్టుకు వారానికొకసారి పాదు నిండా నీళ్లు ఇవ్వాలి, లేకపోతే అది వానల దాకా కదలదు. ఆరుద్ర, పునర్వసు కార్తెలు వచ్చేసరికి ఆ రెమ్మల వయసు పది పన్నెండు వారాలు. అడుగుభాగం గట్టిపడి బూడిదరంగుకు తిరుగుతూ, పైభాగం ఇంకా పచ్చగా ఉంటుంది. వేరు పట్టడానికి ఇదే సరైన వయసు. చెట్టు మొదలుకు దగ్గరగా పుట్టిన రెమ్మల్లో లేతదనం ఎక్కువ. పైన పూతకొచ్చిన కొమ్మల కంటే అవి సులువుగా వేరు పడతాయి. పూత కాస్త ఆలస్యమైనా ఈ బేరం నష్టం కాదు.

పాత కొమ్మ, కొత్త రెమ్మ తేడా చేత్తోనే తెలుస్తుంది. వంచితే రబ్బరులా వంగి మళ్లీ లేచేది మరీ లేత, పాతితే కుళ్లిపోతుంది. వంగకుండా మొండికేసేది ముదురు. కాస్త వంగి టప్‌మని చప్పుడుతో విరిగేది కావాలి.

ఈ పద్ధతికి ఖర్చు లేకపోలేదు. కొట్టిన కొమ్మల మీద ఆ ఏడాది పూలు తగ్గుతాయి. ఇంట్లో ఉన్నది ఒక్కటే చెట్టయితే, నవరాత్రుల పూజకు పూలు లేకుండా చేశారని మాట పడాల్సి వస్తుంది. సగం కొమ్మలు కొట్టి సగం వదిలేస్తే ఆ గొడవ ఉండదు. ఇంటికి ఒకే ఒక మొక్క చాలనుకునేవాళ్లకైతే ఇంత హంగామా కూడా అవసరం లేదు. కిందుగా వంగే కొమ్మ ఒకటి చూసి, బెరడు కాస్త గీరి, మట్టిలో తొక్కిపెట్టి పైన రాయి పెడితే సరిపోతుంది. నేల అంటు అనే ఈ పద్ధతిలో కొమ్మ తల్లికే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఎండిపోయే భయం తక్కువ. కటింగుల వల్ల లాభం కనిపించేది పది, యాభై, వంద మొక్కలు కావలసినప్పుడు.

కోత, మందు, ఇసుక

తెల్లవారుజామున, రెమ్మ నిండా నీరున్నప్పుడు కోయాలి. కోసినవాటిని తడి గోనెసంచిలో చుట్టి నీడలో పెట్టుకోవాలి. బైక్ వెనక కట్టుకుని ఎండలో పది కిలోమీటర్లు తెస్తే సగం ప్రాణం దారిలోనే పోతుంది. పెన్సిల్ లావు, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు, మూడు నాలుగు గణుపులు ఉంటే చాలు. కింది కోత గణుపు కిందుగా ఉండాలి, వేర్లు అక్కడే ఎక్కువగా పుడతాయి. కింది ఆకులు తీసేసి, పైన రెండు ఆకులు మాత్రం ఉంచి వాటినీ సగానికి కత్తిరించాలి. మొత్తం ఆకు తీసేస్తే ఆక్సిన్, ఆహారం రెండూ ఆగుతాయి. మొత్తం ఉంచితే నీరు పోతుంది. సగం ఆకు ఈ రెండింటికీ మధ్య రాజీ.

వేరు మందు అని షాపుల్లో దొరికే పొడుల్లో ప్రధానంగా ఉండేది ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్, వాడుకలో ఐబీఏ. మొక్కల ఆక్సిన్‌లాగే పనిచేస్తుంది, అంత తొందరగా విరిగిపోదు. వేర్లు పుట్టించే దాని గుణం 1935 నుంచీ తెలిసిందే. వావిలికి ఈ మందు లేకపోయినా నడుస్తుంది, పారిజాతానికి వాడితే తేడా కనిపిస్తుంది. పొడిలో తడి కొన ముంచి, ఎక్కువైంది దులిపి, పుల్లతో ముందే చేసిన రంధ్రంలో పెట్టాలి. నేరుగా ఇసుకలోకి గుచ్చితే మందంతా పైనే రాసుకుపోతుంది. ద్రావణంగా చేసుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, స్వచ్ఛమైన ఐబీఏ నీళ్లలో కరగదు. ముందు కొద్దిగా స్పిరిట్‌లో కరిగించి, తర్వాత నీళ్లు కలపాలి. లీటరుకు ఒక గ్రాము వేస్తే 1000 పీపీఎం. సగం గట్టిపడిన కొమ్మలకు 1000 నుంచి 3000 పీపీఎం మధ్యలో, కొన మాత్రం ఐదు సెకన్లు ముంచితే చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ వేర్లు రావు, కొన నల్లబడి చస్తుంది. తేనె, కలబంద గుజ్జు, దాల్చినచెక్క పొడి లాంటి చిట్కాలు ఫోన్లలో తెగ తిరుగుతుంటాయి. వాటితో హాని లేదు గానీ అవి ఐబీఏకు బదులు కావు.

మట్టి విషయంలో వరంగల్ చుట్టుపక్కల రెండు నేలలూ ఇబ్బందే. ఎర్ర చెల్క తడిసి ఆరితే పైన పెంకులా కడుతుంది. నల్లరేగడి నీరు పట్టి ఊపిరాడనివ్వదు. పుట్టబోయే వేరుకు నీటితో సమానంగా గాలి కావాలి. ఎరువు అస్సలు అక్కర్లేదు, పశువుల పెంట కలిపితే కోసిన కొన కుళ్లే అవకాశం పెరుగుతుంది. కడిగిన దొడ్డు వాగు ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమానంగా కలిపితే నమ్మకంగా పనిచేస్తుంది. ఇసుక దొరకడం, దాని ధర ఇప్పుడు ఎలా ఉన్నాయో ఇల్లు కట్టేవాళ్లను అడిగితే చెబుతారు. దానికి ఇక్కడే దొరికే ప్రత్యామ్నాయం వరి ఊక. రైస్ మిల్లులకు కొదవలేని ప్రాంతమిది. ఊకను పూర్తిగా బూడిద కానివ్వకుండా, నల్లగా కాలినప్పుడే నీళ్లు చల్లి ఆర్పితే తేలికైన, గాలి ఆడే, క్రిములు లేని పదార్థం మిగులుతుంది. తెల్ల బూడిద మాత్రం వద్దు, అది క్షారం, పైగా తడిస్తే ముద్దకడుతుంది.

నీటిని పొగమంచులా చల్లే మిస్ట్ ఛాంబర్ ఉన్న నర్సరీలకు మిగతాదంతా సులువే. లేనివాళ్లకు పాలిథిన్ కవర్ చాలు. ఈ మిశ్రమం నింపి పుల్లలు పాతిన సంచుల వరుస మీద వెదురు బద్దలు వంచి, పైన కవర్ కప్పి, అంచులు మట్టితో మూస్తే లోపల తేమ తొంభై శాతం పైనే నిలబడుతుంది. ఇంటి దగ్గరైతే కోసిన వాటర్ బాటిల్ బోర్లించినా అదే పని చేస్తుంది. ఒక్క హెచ్చరిక. కవర్ మీద నేరుగా ఎండ పడకూడదు. ఆషాఢంలో మబ్బు విడిచిన గంటలో కూడా మూసిన కవర్ లోపల పుల్లలు ఉడికిపోతాయి. పైన షేడ్ నెట్ గానీ, చెట్టు నీడ గానీ ఉండాల్సిందే. నీళ్లకు వీలుంటే పట్టిన వాన నీళ్లే వాడాలి. ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్లు రోజూ చల్లితే ఆకుల మీద తెల్లటి పొర కడుతుంది.

జులైలో పగలు 32, రాత్రి 24 డిగ్రీల చుట్టూ తిరిగే వాతావరణం వేరుకు ఎంతో అనువు. విదేశీ నర్సరీలు మడి కింద వేడి తీగలు పరిచి తెచ్చుకునే వేడి ఇక్కడ ఉచితంగా వస్తుంది. అదే వెచ్చని తడిలో బూజూ పెరుగుతుంది. రాలిన ఆకును ఏ రోజుకారోజు తీసేయడం, నల్లబడ్డ పుల్లను పక్కవాటితో ఉంచకుండా పారేయడం మందుల కంటే మేలు చేస్తాయి. చెదలు రెండో బెడద. ఎర్రనేల మీద సంచులు పెడితే కింది నుంచి వచ్చి కట్టెను లోపల్లోపల తినేస్తాయి. ఇటుకల మీదో, కంకర పరిచిన చోటో సంచులు పెడితే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది.

చచ్చిందనుకునే నెలలు

పుష్యమి, ఆశ్లేష కార్తెలు దాటాక పుల్లను వేలితో మెల్లగా కదిపితే అది కదలనంటుంది. సంచి అడుగున తెల్లవేరు కనిపిస్తుంది. అప్పుడు కవర్‌ను ఒక్కసారిగా తీసేయకూడదు. ముందు సాయంత్రాలు, తర్వాత పూట, తర్వాత రోజంతా. వారం పది రోజుల్లో మొక్క బయటి గాలికి అలవాటుపడుతుంది. ఆ తర్వాత రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపిన పెద్ద సంచిలోకి మార్చాలి.

సెప్టెంబర్‌లో చేతికొచ్చిన మొక్కను వెంటనే నేలలో పెట్టాలన్న తహతహ సహజం. నీళ్లు పెట్టే పెరటిలో అయితే పెట్టవచ్చు. చెల్క గట్టు మీదో, బడి ఆవరణలోనో, రోడ్డు పక్కనో అయితే వచ్చే మృగశిర దాకా ఆగడం మేలు. అక్టోబర్ తర్వాత దానికి వాన భరోసా లేదు, ఎనిమిది నెలల పొడికాలాన్ని తట్టుకునే లోతు వేరు ఇంకా లేదు.

ఆగితే మాత్రం ఫిబ్రవరి, మార్చిలలో ఒక ప్రమాదం కాచుకుని ఉంటుంది. సంచిలోని చిన్న మొక్క కూడా తల్లిలాగే ఆకు రాల్చవచ్చు. పుల్లొక్కటే మిగిలేసరికి చచ్చిపోయిందని చెత్తకుప్పలో వేస్తారు, బతికిన మొక్కలను. లేదా పాపం ఎండిపోతోందని రోజుకు రెండుసార్లు నీళ్లు పోస్తారు. ఆకు లేని మొక్క తాగేది చాలా తక్కువ. ఆ నీళ్లు సంచిలో నిలిచి వేరు కుళ్లుతుంది, అప్పుడు నిజంగానే చస్తుంది. గోటితో బెరడు కొద్దిగా గీరితే కింద పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. నీడలో ఉంచి, వేలు గుచ్చి చూసి లోపల పొడిగా ఉంటేనే నీళ్లు పోస్తే చాలు. మొదటి వాన కంటే ముందే అది కళ్లు విప్పుతుంది.

కొమ్మ మొక్కకు ఒక లోపం ఎప్పటికీ ఉంటుంది. విత్తనం నుంచి వచ్చిన మొక్కకు నిలువునా దిగే తల్లివేరు ఉంటుంది, కొమ్మ మొక్కకు అడుగున పక్కలకు పాకే వేర్లే ఉంటాయి. కాబట్టి నేలలో పెట్టాక మొదటి రెండు ఎండాకాలాలు దానికి నీళ్లు ఇవ్వక తప్పదు. ఎవరూ నీళ్లు పోయని గుట్ట మీద నాటాలంటే విత్తనపు మొక్కే సరైనది. తంగేడు సంగతీ అంతే. రాష్ట్ర పుష్పం కదా అని దానికీ కొమ్మలు పాతడం కంటే గట్టి పొట్టు ఉన్న ఆ గింజను కాస్త గరుకు నేలకు రుద్ది, రాత్రంతా నానబెట్టి, పెరగాల్సిన చోటే విత్తడం తెలివైన పని. మరో కొసన వావిలి ఉంది. వాగు గట్ల మీద పెరిగే ఆ పొద కొమ్మకు వానాకాలంలో మందూ కవరూ అక్కర్లేదు, పశువులు ముట్టవు, బాలింత స్నానానికి ఆకు పనికొస్తుంది. కటింగులు నేర్చుకోవాలనుకునేవాళ్లు వావిలితో చెయ్యి తిప్పుకుని పారిజాతానికి వస్తే నిరుత్సాహం తప్పుతుంది.

మరి ఇంత శ్రమపడి పారిజాతాన్ని కొమ్మతోనే ఎందుకు పెంచాలి? ఒక కారణం, విత్తనపు మొక్కలు తల్లిలాగే ఉంటాయన్న హామీ లేదు. బాగా గుబురుగా పూసే చెట్టు, కాడ ముదురు నారింజగా ఉండే చెట్టు అచ్చంగా అలాగే కావాలంటే కొమ్మ ఒక్కటే దారి. రెండోది, కొమ్మ మొక్క సాధారణంగా విత్తనపు మొక్క కంటే ముందు పూస్తుంది. అయితే అదే సుగుణం తిప్పితే లోపం. ఒక్క చెట్టు నుంచి తీసిన వంద కొమ్మలు వంద మొక్కలు కావు, వంద చోట్ల ఉన్న ఒకే మొక్క. ఒక తెగులుకు అది లొంగితే అన్నీ లొంగుతాయి.

ప్రభుత్వ నర్సరీల లెక్కలోకి ఇది ఎందుకు ఎక్కలేదో ఆలోచిస్తే క్యాలెండర్ దగ్గరికే వస్తుంది. హరితహారం పేరుతో 2015లో మొదలై, ఇప్పుడు వనమహోత్సవంగా నడుస్తున్న కార్యక్రమం కోసం గ్రామ పంచాయతీల్లో నర్సరీలు పెట్టారు. చలికాలంలో సంచులు నింపి, గింజలు వేసి, వానలు పడగానే మొక్కలు పంచేయడం వాటి పద్ధతి. గింజకు అది సరిపోతుంది. పారిజాతం కటింగ్ జులైలో మొదలై మరుసటి జులైకి గానీ నాటడానికి సిద్ధం కాదు. పంచే పని, పెట్టే పని ఒకే నెలలో పడతాయి, పైగా సంచి ఏడాది పొడుగునా స్థలం ఆక్రమిస్తుంది. ఈ రెండు కారణాలతో పొదలు వెనకబడితే, వేగంగా పచ్చదనం చూపించే కోనోకార్పస్ అనే విదేశీ మొక్క రోడ్ల మధ్య డివైడర్లన్నీ ఆక్రమించింది. విమర్శలు వచ్చాక దాన్ని నర్సరీల్లో పెంచడం ఆపమన్నారు. కోనోకార్పస్ కూడా కొమ్మ కటింగులతో తేలిగ్గా వచ్చే మొక్కే. అంటే కొమ్మకు వేరు పట్టించే పని నర్సరీలకు తెలియనిదేమీ కాదు, అది స్థానిక జాతుల దాకా రాలేదంతే.

కొమ్మలు ఎక్కడి నుంచి తేవాలన్నది చివరి ప్రశ్న. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల అడవుల వైపు చూడకూడదు. అభయారణ్యంలో అనుమతి లేకుండా కొమ్మ కోయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అవసరమూ లేదు. ఊళ్లోనే గుడి, బడి, పాత ఇళ్ల వాకిళ్లు కలిపి అడిగి తెచ్చుకుంటే నాలుగైదు వేర్వేరు చెట్లు దొరుకుతాయి. ఒక నర్సరీ వాటి నుంచి మొదటి ఏడు తీసిన మొక్కల్లో ఇరవై ముప్ఫై పక్కన పెట్టి, మీటరు దూరంతో రెండు వరుసలు నాటుకుంటే అదే తల్లిమొక్కల మడి అవుతుంది. ఏ వరుసలో ఏ చెట్టు కొమ్మలున్నాయో పలక రాసి పెట్టాలి. మూడో ఏటి నుంచి ఏటా ఫాల్గుణంలో ఒక వరుసను మోకాలెత్తున కొట్టి రెండో వరుసను పూతకు వదిలేయాలి, మరుసటి ఏడు వరుసలు మార్చాలి. కొట్టిన వరుసకు ఏప్రిల్ నుంచి డ్రిప్ పైపు ఒకటి చాలు.